పిల్లికూనకు మొదటి ముద్ద
ఒంటిపూట బడుల రోజుల్లో ఇంటిల్లిపాదీ కలిసి చదవాల్సిన పాఠం



మార్చి నెల వచ్చిందంటే ఒంటిపూట బడులు. మధ్యాహ్నానికల్లా పిల్లలు ఇంట్లో ఉంటారు. సరిగ్గా ఈ రోజుల్లోనే మన పల్నాడు ఇళ్లలో మిర్చి టిక్కీల వెనక, అటక మీద, మేడమెట్ల కింద పిల్లులు పిల్లల్ని పెడుతుంటాయి. మర్నాడు క్లాసులో అటెండెన్స్ తీసుకునే లోపే ఆ వార్త అందరికీ తెలిసిపోతుంది. వార్తతో పాటు మా దగ్గరికి రెండు ప్రశ్నలు వస్తాయి. "టీచర్, వాటికి పాలు పోయొచ్చా?" అనేది ఒకటి. "ఒకదాన్ని నేను ఇంటికి తెచ్చుకోవచ్చా?" అనేది రెండోది.

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే పాఠంలో ఉంది. కూన తల్లిపాల నుంచి గట్టి తిండికి ఎలా మారుతుందో తెలిస్తే ఏం పెట్టాలో, ఎప్పుడు తెచ్చుకోవచ్చో పిల్లలకే అర్థమవుతుంది. తెలియక చేస్తే నష్టం చిన్నది కాదు. ప్రేమతో పోసిన గిన్నెడు పాలకు విరేచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లో చనిపోయే కూనలున్నాయి. కూనను ఎత్తుకోబోయి తల్లిపిల్లి చేత గీరించుకునే పిల్లలూ ఉన్నారు. అందుకే ఈ నెల పేజీని ఈ విషయానికి కేటాయించాం. దయచేసి మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ఒక ఇంగ్లిష్ మాట, ఒక తెలుగు మాట

ఈ మార్పును ఇంగ్లిష్‌లో 'వీనింగ్' అంటారు. తెలుగులో పాలు మాన్పించడం, పాలు మరిపించడం అంటాం. తెలుగు మాటలు వినగానే ఉన్నదాన్ని ఆపేయడమనే అర్థం తోస్తుంది. 'వీన్' అనే మాట పాత ఇంగ్లిష్ నుంచి వచ్చింది. అక్కడ దానికి మొదట ఉన్న అర్థం 'అలవాటు చేయడం'. కొత్తదాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేస్తే పాతది దానంతట అదే తగ్గుతుంది. పిల్లి విషయంలో జరిగేది ఇదే. ఒక రోజున పాలు ఆగిపోయి మర్నాడు ముద్ద మొదలవదు. సుమారు నాలుగో వారంలో మొదలై ఎనిమిదో వారం దాకా పాలూ ముద్దా కలిసి నడుస్తాయి. ఈ నాలుగు వారాలూ తొందరపడకుండా ఉంటే చాలావరకు పని అయినట్టే.

ముందు పాల సంగతి

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మన పిల్లలందరికీ తెలుసు. ఎలుకల బెడద తీర్చమని రాయలవారు ఇంటికో పిల్లినీ, దానికి పాల కోసం ఒక ఆవునూ ఇస్తారు. రామకృష్ణుడు మొదటి రోజే కాగే పాలు పిల్లి ముందు పెడతాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలు కనబడితే చాలు పారిపోతుంది. కథ విని అందరం నవ్వుకుంటాం. కానీ అందులో మన పాఠానికి పనికొచ్చే సంగతులు రెండున్నాయి.

మొదటిది, పిల్లి బతకాలంటే ఆవుపాలు కావాలని రాయలవారే కాదు, మనమందరం నమ్ముతాం. బొమ్మల పుస్తకాల్లో కూడా పిల్లి ముందు పాలగిన్నె ఉంటుంది. నిజానికి పాలు మానిన పిల్లికి పాలతో పనే లేదు. పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించడానికి పేగుల్లో లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉండాలి. తల్లిపాలు తాగే వయసులో కూనకు అది బాగా ఉంటుంది. ముద్ద తినడం మొదలయ్యాక తగ్గుతూ పోతుంది. అరగని లాక్టోజ్ పేగుల్లో పులిసి, నీటిని లాగి, విరేచనాలు తెస్తుంది.

మరి పాలు తాగే వయసు కూనకైనా మన పాలు పడతాయా అంటే, అవీ సరిపోవు. ఆవుపాలలో ఉండే ప్రొటీన్ పిల్లిపాలలో ఉండేదానిలో సుమారు సగమే. గేదెపాలలో వెన్న ఎక్కువ, కానీ ప్రొటీన్ పిల్లిపాలంత ఉండదు. నీళ్లు కలిపి పలచన చేస్తే ఉన్న బలం కూడా పోతుంది. కడుపు నిండినట్టే కనిపిస్తుంది కానీ కూన పెరగదు.

రెండో సంగతి, మొదటి అనుభవం గట్టిగా గుర్తుంటుంది. మూతి కాలిన పిల్లి పాలను చూసి పారిపోయినట్టే, మొదటి ముద్ద మరీ వేడిగా ఉన్నా, మూతిని బలవంతంగా గిన్నెలో ముంచినా కూన ఆ గిన్నె దగ్గరికి రావడానికే భయపడుతుంది. మొదటి ముద్ద ఎంత నిదానంగా పెడితే అంత మంచిది.

వారం వారం ఏం జరుగుతుంది?

ఒకటి, రెండు వారాలు: పుట్టినప్పుడు కూన బరువు 100 గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. అంటే ఒక సబ్బుబిళ్లంత. కళ్లు మూసుకుని ఉంటాయి, ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెరుచుకుంటాయి. రోజుకు 10 నుంచి 15 గ్రాముల బరువు పెరుగుతుంది. ఈ రోజుల్లో దానికి తల్లిపాలు తప్ప మరేమీ అక్కర్లేదు. మీరు పెట్టాలనుకున్నది తల్లికి పెట్టండి. పాలిచ్చే పిల్లికి మామూలు రోజులకంటే రెట్టింపు దాకా తిండి కావాలి. పక్కన శుభ్రమైన నీళ్లుంచండి. తల్లి కడుపు నిండితే కూనల కడుపు నిండినట్టే.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లంటారు. మనుషుల అలికిడి ఎక్కువైనా, చోటు క్షేమం కాదనిపించినా తల్లి కూనల్ని మెడ దగ్గర నోటితో పట్టుకుని వేరేచోటికి మారుస్తుంది. అందుకే ఈ రెండు వారాలూ పిల్లలు దూరం నుంచి చూడాలే తప్ప ముట్టుకోకూడదు.

మూడో వారం: తూలుతూ నడుస్తాయి. ముందు పళ్లు చిన్న చిన్న చుక్కల్లా కనిపించడం మొదలవుతుంది. ఇంకా పాలే తిండి. తల్లిపాల ద్వారా కూడా కూనలకు నులిపురుగులు వస్తాయి. వాటి మందు ఎప్పుడు, ఎంత ఇవ్వాలో ఈ వారంలోనే పశువైద్యుణ్ని అడగండి. మనుషుల మాత్రను విరిచి వేయకండి.

నాలుగో వారం: ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. సూదుల్లాంటి పళ్లతో కూనలు పాలు తాగుతుంటే తల్లికి నొప్పిగా ఉంటుంది. అది కాసేపు పాలిచ్చి లేచిపోయి, కూనలకు అందని గోడ మీదో కిటికీ మీదో కూర్చుంటుంది. కూనలు తల్లి తిండిగిన్నె దగ్గరికి వచ్చి వాసన చూస్తాయి. గిన్నె నాకుతాయి. ఈ రెండు గుర్తులూ కనిపిస్తే మొదటి ముద్దకు వేళైందన్నమాట. క్యాలెండర్ కంటే ఈ గుర్తులే ముఖ్యం. ఒకే ఈతలో పుట్టిన నాలుగు కూనల్లో కూడా ఒకటి ముందు, ఒకటి వెనక అవుతాయి.

మొదటి ముద్ద రాగిజావలా పలచగా ఉండాలి. పొడి కిట్టెన్ ఫుడ్ అయితే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెత్తగా మెదపండి. ఇంట్లో వండేదైతే ఉప్పు, కారం, నూనె లేకుండా ఉడికించిన చికెన్‌ను ఉడికిన నీళ్లతో సహా మిక్సీలో మెత్తగా చేయండి. లోతులేని కాఫీ సాసరులో చెంచాడు వేసి నేల మీద పెట్టండి. వేలికి కొంచెం అద్దుకుని కూన పెదవులకు రాయండి. అది నాలుకతో నాకి, వేలు వెంట సాసరు దాకా వస్తుంది. మొదటి రోజు సగం ముద్ద కాళ్లకే అంటుతుంది. అందులో నడుస్తాయి, తుమ్ముతాయి. ఫరవాలేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. మూతిని మాత్రం సాసరులో ముంచకండి. ముక్కులోకి పోయిన జావ ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది.

ఐదో వారం: రోజుకు నాలుగైదు సార్లు, ప్రతిసారీ కొంచెం. జావ క్రమంగా చిక్కబడి మెత్తటి పప్పుముద్దలా కావాలి. లోతులేని గిన్నెలో నీళ్లు పెట్టడం ఈ వారానికైనా మొదలుపెట్టాలి. ముద్ద తినే కూనకు దప్పికేస్తుంది. ఒక మూల అట్టపెట్టెలో ఇసుక పోసి పెడితే మలమూత్రాలకు అక్కడికి వెళ్లడం ఇప్పుడే నేర్చుకుంటాయి. తిండిగిన్నె, ఇసుకపెట్టె పక్కపక్కన ఉండకూడదు.

ఆరు, ఏడు వారాలు: మెదిపిన ముద్ద నుంచి చిన్న చిన్న ముక్కలకు రావచ్చు. తల్లి ఇప్పుడు రోజుకు కొన్నిసార్లే పాలిస్తుంది. వెంటపడిన కూనను పంజాతో నెట్టేస్తుంది, గుర్రుమంటుంది. ఇది చూసి మన పిల్లలు బాధపడతారు. 'వాళ్లమ్మ కొడుతోంది' అంటారు. అది కోపం కాదని, తిండి కోసం గిన్నె వైపు వెళ్లమని తల్లి చెప్పే పద్ధతి అదేనని వివరించండి. తల్లినీ కూనల్నీ వేరే గదుల్లో పెట్టి తలుపు వేయడం మాత్రం వద్దు. ఒక్కసారిగా పాలు తాగడం ఆగిపోతే తల్లి పొదుగు గడ్డకట్టి జ్వరం వస్తుంది.

ఎనిమిదో వారం: 26 పాలపళ్లూ దాదాపుగా వచ్చేస్తాయి. బరువు 800 గ్రాములు దాటుతుంది. కూన పూర్తిగా ముద్ద మీదే బతకగలదు. కొత్త ఇంటికి పంపే ఆలోచన దీనికి ముందు రాకూడదు.

ఏ దశలోనైనా విరేచనాలైతే ఒక మెట్టు వెనక్కి రండి. ముక్కలు పెడుతుంటే మెత్తటి ముద్దకు, ముద్ద పెడుతుంటే జావకు. ఒక రోజులో తగ్గకపోయినా, కూన ఆడకుండా ముడుచుకుని పడుకున్నా ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు తీసుకెళ్లండి.

ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు?

పిల్లి పూర్తి మాంసాహారి. ఇది దాని ఇష్టం మాత్రమే కాదు, దాని శరీరం తయారైన తీరే అంత. టారిన్ అనే పోషకాన్ని పిల్లి తన శరీరంలో తగినంత తయారు చేసుకోలేదు. అది మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. 1970లలో టారిన్ లోపిస్తే పిల్లుల కంటిచూపు దెబ్బతింటుందని తేలింది. 1987లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ డేవిస్ కేంద్రానికి చెందిన పాల్ పయాన్ బృందం గుండెజబ్బుకూ అదే కారణమని చూపించింది. ఆ తర్వాత పిల్లుల తిండి తయారుచేసే కంపెనీలు టారిన్ పాళ్లు పెంచాయి. అలాగే మనం క్యారెట్ తింటే శరీరం దాని నుంచి విటమిన్ ఎ తయారుచేసుకుంటుంది. పిల్లికి ఆ శక్తి లేదు. కాబట్టి రోజూ పెరుగన్నమే పెడితే కూన కడుపు నిండుతుంది కానీ కళ్లు, గుండె దెబ్బతింటాయి.

చికెన్ ఉడికించిన నీళ్లు పారబోయవద్దని పైన చెప్పడానికి కారణం కూడా ఇదే. టారిన్ ఆ నీళ్లలోకి దిగుతుంది. ఉడికించిన కోడిగుడ్డు, ముల్లు పూర్తిగా తీసి ఉడికించిన చేప కూడా మెదిపి పెట్టవచ్చు. కానీ వట్టి చికెన్ మీద నెలల తరబడి పెంచలేం. ఎముకలు పెరగడానికి కావలసిన కాల్షియం అందులో ఉండదు. ఎదిగే వయసుకు అన్నీ సరిపాళ్లలో కలిపిన కిట్టెన్ ఫుడ్ ప్రధాన తిండిగా ఉంటే మంచిది. మాంసం వండని ఇళ్లవాళ్లకు కూడా ఇదే వీలు. అదీ వీలుకాకపోతే తల్లిపిల్లిని దాని కూనలతో ఉండనివ్వండి. ఎలుకను పట్టి తెచ్చి పెట్టే పని అది చూసుకుంటుంది.

ఈ కింది వాటిని ఫ్రిజ్ మీద అంటించుకోండి.

• ఉల్లి, వెల్లుల్లి పడిన కూర పెట్టకండి. పిల్లుల రక్తకణాలను అవి విరగ్గొడతాయి. కూరలోని ముక్కను కడిగి పెట్టినా ముప్పు పూర్తిగా పోదు.
• ఉడికించిన కోడి ఎముకలు, చేప ముళ్లు వద్దు. గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి.
• ఎండుచేపలు వద్దు, ఉప్పు ఎక్కువ. చాక్లెట్ అసలే వద్దు, అది విషం.
• కుక్కల ఫుడ్ కుక్కలకే. పిల్లికి కావలసినంత టారిన్ అందులో ఉండదు.
• జ్వరం వచ్చిందని పారాసిటమాల్ మాత్ర వేయకండి. చిన్న ముక్క కూడా పిల్లిని చంపుతుంది.
• కూనలున్న గదిని ఫినాయిల్‌తో తుడవకండి. పాదాలకంటిన దాన్ని అవి నాకుతాయి. పిల్లులకు అది విషం. సబ్బునీళ్లు చాలు.
• ఎలుకల మందు పెట్టే అలవాటుంటే ఈ రెండు నెలలు ఆపండి. మందు తిన్న ఎలుకను తిని తల్లిపిల్లి చచ్చిపోతే కూనలు దిక్కులేనివవుతాయి.

తల్లి లేని కూన దొరికితే

ముందు కొన్ని గంటలు దూరం నుంచి గమనించండి. తల్లి తిండి కోసం వెళ్లి ఉండవచ్చు, కూనల్ని ఒక్కొక్కటిగా మారుస్తూ ఉండవచ్చు. నిజంగా తల్లి లేదని తేలితే ఇది పెద్దవాళ్ల పని. పిల్లలకు అప్పగించకండి. నాలుగు వారాల లోపు కూనకు కావలసింది పిల్లికూనల కోసమే తయారైన పాలపొడి. పెట్ షాపుల్లో దొరుకుతుంది, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. దాన్ని ఎలా కలపాలో, రోజుకు ఎన్నిసార్లు పట్టాలో కూన వయసును చూసి పశువైద్యుడు చెబుతారు. మొదటి వారంలో అయితే రాత్రిపూట కూడా రెండు మూడు గంటలకోసారి లేవాలి.

రెండు నియమాలు మరవొద్దు. కూన ఒళ్లు చల్లగా ఉంటే ముందు వెచ్చబరచాలి, ఆ తర్వాతే పాలు. చల్లబడిన కూనకు పాలు అరగవు. పాలు పట్టేటప్పుడు చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకూడదు. తల్లి దగ్గర తాగినట్టే బోర్లా, తల కొంచెం పైకి ఉండాలి. వెల్లకిలా తాగితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

రెంటచింతల ఎండలో

రాష్ట్రంలో ఎండ తీవ్రత అనగానే మన రెంటచింతల పేరే వార్తల్లో వినిపిస్తుంది. పాలు మానే వయసూ వేసవీ కలిసిరావడం కూనలకు కష్టకాలం. అప్పటిదాకా నీళ్లన్నీ తల్లిపాల నుంచే వచ్చేవి. ఇప్పుడు కొత్తగా గిన్నెలోంచి తాగడం నేర్చుకోవాలి. అందువల్ల ముద్దను కొంచెం జారుగానే ఉంచండి. నీళ్లగిన్నె నీడలో, రోజుకు రెండు మూడు సార్లు మార్చి పెట్టండి. తడి ముద్ద ఎండాకాలంలో త్వరగా పాడవుతుంది. అరగంట తర్వాత మిగిలింది తీసేసి సాసరు కడగండి.

రేకుల షెడ్డులో, మేడ మీది గదిలో కూనలుంటే మధ్యాహ్నానికి అది పొయ్యిలా కాగుతుంది. తల్లి కళ్ల ముందే కూనలున్న పెట్టెను చల్లటి చోటికి మార్చితే అది వెంట వస్తుంది. చిగుళ్లు ఎండి జిగటగా ఉన్నా, మెడ వెనక చర్మాన్ని వేళ్లతో మెల్లగా పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా ఒంట్లో నీళ్లు తగ్గాయని గుర్తు. అది ఇంట్లో చూసుకునే స్థితి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఎనిమిది వారాలు ఎందుకు ఆగాలి?

'ఐదో వారానికే తింటోంది కదా, తెచ్చుకుంటే ఏం?' అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. తినడం రావడం వేరు, బతకడం రావడం వేరు. ఈ వారాల్లో కూన తల్లిని చూసి చాలా నేర్చుకుంటుంది. బయట తిరిగే పిల్లి మొదట చచ్చిన ఎలుకను తెచ్చి కూనల ముందు తింటుంది. తర్వాత చచ్చిన ఎలుకను వాటికే వదులుతుంది. ఆ తర్వాత కొనప్రాణంతో ఉన్నదాన్ని తెస్తుంది. ఇదంతా వరుస తప్పని పాఠ్యప్రణాళికే. తోబుట్టువులతో ఆడుతూ ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో కూడా ఇప్పుడే తెలుసుకుంటుంది.

1969లో ఫిలిస్ చెస్లర్ అనే పరిశోధకురాలు 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. మీట నొక్కితే తిండి వచ్చే ఏర్పాటు అది. తల్లి చేస్తుండగా చూసిన కూనలు, కొత్త పిల్లి చేస్తుండగా చూసిన కూనలకంటే త్వరగా నేర్చుకున్నాయి. ఎవరూ చూపించకుండా సొంతంగా ప్రయత్నించమని వదిలేసిన కూనలకు అసలు రాలేదు. టీచరుగా నాకు ఈ ఫలితం ఎంతో ఇష్టం. ఇంట్లో మీరు చేసేది చూసి మీ పిల్లలు ఎంత నేర్చుకుంటారో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

2017లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 6,000 పిల్లుల వివరాలను వాటి యజమానుల నుంచి సేకరించి పరిశీలించారు. ఎనిమిది వారాలలోపే తల్లికి దూరమైన పిల్లుల్లో మీదపడి కరిచే, గీరే స్వభావం ఎక్కువగా కనిపించింది. పద్నాలుగు వారాలు దాటాక దూరమైన వాటిలో కొత్తవాళ్ల మీద దూకుడు తక్కువగా ఉంది. అంటే ఎనిమిది వారాలు కనీస గడువు. పన్నెండు, పద్నాలుగు వారాలు ఆగగలిగితే ఇంకా మేలు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ నెల రోజుల ఓపిక వాళ్ల చేతుల మీద గీతలు పడకుండా కాపాడుతుంది.

పిల్లల భద్రత: దయచేసి ఈ భాగం రెండుసార్లు చదవండి

పిల్లి కాటు, గోటిగాటు ద్వారా కూడా రేబిస్ రావచ్చు. లక్షణాలు కనిపించాక రేబిస్‌కు చికిత్స దాదాపు లేనట్టే. కానీ సమయానికి టీకా వేయిస్తే పూర్తిగా నివారించవచ్చు.

• కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి.
• కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏదీ పెట్టకండి. గాయం మీద కట్టు కట్టకండి.
• అదే రోజు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. టీకా అక్కడ ఉచితం. మొదటి డోసు తర్వాత మిగతావి డాక్టరు రాసిన తేదీల్లో తప్పకుండా వేయించండి. గాయం మానింది కదా అని మధ్యలో ఆపవద్దు.
• చిన్న గీత అని పిల్లలు దాచిపెడతారు. తిడతారనే భయం వల్లే దాస్తారు. 'పిల్లి గీరితే వచ్చి చెప్పు, నిన్ను ఏమీ అనను' అని ముందే మాట ఇవ్వండి.
• ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడగాలి. కూనలు తిన్న సాసరును ఇంటి గిన్నెలతో కలిపి తోమకండి.
• గర్భంతో ఉన్న తల్లులు ఇసుకపెట్టె శుభ్రం చేయకూడదు. పిల్లి మలం ద్వారా సోకే టాక్సోప్లాస్మా కడుపులో బిడ్డకు హాని చేయగలదు. పచ్చిమాంసం కూనలకు పెట్టవద్దనేదీ ఇందుకే.

కూనను పెంచుకోవాలనుకుంటే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకాల గురించి, మూడు నెలలకు రేబిస్ టీకా గురించి పశువైద్యుణ్ని అడగండి. పాలిస్తున్న పిల్లి కూడా మళ్లీ చూలు కట్టగలదు. కాబట్టి కూనలు పాలు మానాక తల్లికి ఆపరేషన్ చేయించే సంగతీ అప్పుడే మాట్లాడండి.

ఇంట్లో చేయదగిన పని

ఎల్.కె.జి. నుంచి రెండో తరగతి: రోజుకో బొమ్మ. కూనలు ఈ రోజు ఏం చేశాయో గీయాలి. అమ్మానాన్నలు కింద ఒక వాక్యం రాయాలి.

మూడు నుంచి ఐదో తరగతి: నోట్‌బుక్‌లో నాలుగు గడులు. తేదీ, తిన్నది, నీళ్లు తాగిందా లేదా, ఆడిందా పడుకుందా. నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా నింపాలి.

ఆరో తరగతి, ఆపైన: తల్లి బయటికి వెళ్లినప్పుడు పెద్దవాళ్లు వంటింటి తూకం మీద గిన్నె పెట్టి కూన బరువు తీసిపెడితే, పిల్లలు గ్రాఫ్ గీయాలి. అడ్డంగా రోజులు, నిలువుగా గ్రాములు. ఒక లెక్క కూడా ఇస్తున్నాం. సోమవారం 310 గ్రాములున్న కూన ఆదివారానికి 388 గ్రాములైంది. రోజుకు సగటున ఎంత పెరిగింది? మీ ఇంటి కూన ఇంతకంటే తక్కువ పెరుగుతుంటే తల్లికి తిండి చాలుతోందో లేదో చూడాలి. రెండు రోజులు వరసగా గీత కిందికి దిగితే డాక్టరును కలవాలి. మన పుస్తకంలోని గ్రాఫ్ ఇలా ఒక ప్రాణాన్ని కాపాడుతుందని తెలిస్తే లెక్కల మీద పిల్లల చూపే మారుతుంది.

ఈ నెల ఇంగ్లిష్ మాటలు
కిట్టెన్: పిల్లికూన
లిట్టర్: ఒకే ఈతలో పుట్టిన కూనలన్నీ, ఇసుకపెట్టెలోని ఇసుకను కూడా ఇలాగే అంటారు, చెత్తనూ ఇలాగే అంటారు
వీన్: పాల నుంచి ముద్దకు అలవాటు చేయడం
కార్నివోర్: మాంసాహారి
వెట్: పశువైద్యుడు

ఈ మాటలతో ఇంట్లో రోజుకో వాక్యం చెప్పించండి. 'లిట్టర్' అనే ఒక్క మాటకు మూడు అర్థాలున్నాయి కదా, మూడు వాక్యాలు చెప్పమనండి.

ఇంట్లో కూనలు లేని పిల్లలు పక్కింటి కూనల్ని గమనించవచ్చు. లేదా తాము అన్నప్రాశన నాడు ఏం తిన్నారో, ఎలా మొహం పెట్టారో, పాలు ఎప్పుడు మానారో అమ్మనూ అమ్మమ్మనూ నానమ్మనూ అడిగి ఒక పేజీ రాయవచ్చు. వేపాకు రసం కథలు చాలా బయటికొస్తాయి!

నింపిన నోట్‌బుక్, గ్రాఫ్, రాసిన పేజీ ఏదైనా సరే, సంవత్సరాంత పరీక్షలకు ముందు వచ్చే శనివారం క్లాస్ టీచర్‌కు అందజేయండి. మార్కులు లేవు. బాగా గమనించిన వాటిని నోటీస్ బోర్డులో పెడతాం.

'ఒకదాన్ని నేను తెచ్చుకోవచ్చా?' అని మీ అబ్బాయో అమ్మాయో ఈ వారంలో అడిగితే, కాదనకుండా క్యాలెండర్ తీసి కూన పుట్టిన తేదీ నుంచి ఎనిమిది వారాలు లెక్కపెట్టించండి. ఆ తేదీ మీద వాళ్ల చేతే ఒక గుర్తు పెట్టించండి. అప్పటిదాకా తల్లిపిల్లికి రోజూ తిండి, నీళ్లు పెట్టే బాధ్యత వాళ్లకివ్వండి, మీరు పక్కన ఉండి.

అభినందనలతో,
మీ పిల్లల టీచర్